నాట్ల పిమ్మట కోతల వరకు ట్రాక్టరును భద్రపరచు విధము



దమ్ములు ముగిసి నాట్లు పడిన నాటినుండి కోతలు వచ్చువరకు, అనగా ఇంచుమించు మూడు నాలుగు మాసములు, డెల్టా గ్రామములందు పెక్కు ట్రాక్టర్లు కొట్టములలో ఊరక నిలిచియుండును. అవి వానమాసములు. పనివలన చెడునంతకంటె ఈ మాసములలో ఊరక నిలుచుటవలన యంత్రము హెచ్చుగా చెడుట మేము పలుచోట్ల చూచితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేయుచుండిన యొక గ్రామమున, నవంబరు మాసములో వరి కోసి పనలు పొలముమీద నుండగా మబ్బు పట్టెను. పదుగురు కలిసి వాడుకొనుచుండిన ట్రాక్టరు ఆగస్టునందు బురదతోనే కొట్టములో నిలుపబడి యుండెను. ఆ దినమున బ్యాటరీ పనిచేయలేదు. వేరొకటి అరువు తెచ్చి తగిలించిన పిమ్మట డీజిలు ఫిల్టరు నీటితోను జిగురుతోను మూసికొనిపోయినట్లు కనబడెను. మేస్త్రీ వచ్చి బాగుచేయునప్పటికి రెండు దినములు గడచెను. పనలు నీట నానెను. ఆ ట్రాక్టరును నిలుపునాడు ఏమి చేయవలెనో చెప్పవలసినవారము మేమే, చెప్పలేదు. కావున ఇప్పుడైనను చెప్పుచున్నాము.

శీతల దేశముల పద్ధతి

కెనడా దేశమునను, అమెరికా ఉత్తర రాష్ట్రములందును మంచు కురియు మాసములలో కొందరు తమ కార్లను, ట్రాక్టర్లను కదల్పక నిలువయుంతురు. అచ్చట ముఖ్య శత్రువు గడ్డకట్టు నీరు. నీరు మంచుగడ్డ యగునపుడు నూటికి ఇంచుమించు 9 పాళ్లు పెరుగును. ఆ ఒత్తిడికి ఇంజను ఇనుప దిమ్మ సయితము పగులును. అందువలన వారు ఇథిలీను గ్లైకాలు అను ద్రవమును నీటితో సమపాళ్ల కలిపి రేడియేటరులో పోయుదురు. ఆ మిశ్రమము సున్నకు దిగువ 35 సెంటిగ్రేడు డిగ్రీల చలికిని గడ్డకట్టదు.

మనకు మంచు భయము లేదు. మన శత్రువులు చెమ్మ, తుప్పు, ఎలుకలు, ఎండ. అయినను వారు చేయు పనులలో పెక్కు మనకును పనికివచ్చును. ఏలయనగా నిలిచిన యంత్రము చెడు కారణములు చాలవరకు అంతటను ఒక్కటే.

చేయవలసిన పనులు

1. కడుగుట: దమ్ము బురద ఇనుమును అంటి చెమ్మను పట్టియుంచును. కేజి చక్రములను ఊడదీసి, బండిని అడుగుభాగముతో సహా శుభ్రముగా కడుగవలెను. విద్యుత్తు తీగలమీదను, గాలి తీసికొను గొట్టముమీదను నీటి ధార కొట్టరాదు. బాగుగా ఆరిన పిమ్మట, రంగు లేచిపోయినచోట రంగు పూసి, రంగులేని ఇనుమునకు గ్రీజు రాయవలెను. కీళ్లలో పాత గ్రీజు, బురదనీరు వెలికివచ్చువరకు క్రొత్త గ్రీజు ఎక్కింపవలెను.

2. ఇంజను ఆయిలు: కోతలనాడు మార్చుదమని కొందరు ఆగుదురు. అది పొరబాటు. వాడిన ఆయిలులో మసి, చెమ్మ, ఆమ్లములు చేరియుండును. అవి మాసములకొలది లోపల నిలిచిన బేరింగులను తినివేయును. కావున నిలుపుటకు ముందే, ఇంజను వేడిగా నుండగా పాత ఆయిలు తీసి, ఫిల్టరు మార్చి, క్రొత్తది పోసి, అది అంతటను వ్యాపించునట్లు పావుగంట సేపు నడిపి ఆపవలెను.

3. డీజిలు: ట్యాంకును నిండుగా నింపవలెను. వెలితిగా నున్నచో లోపలి గాలిలోని చెమ్మ రాత్రి చల్లదనమునకు నీటి బొట్లయి డీజిలు అడుగునకు చేరును. నీరును డీజిలును కలియుచోట కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరిగి జిగురు పుట్టించును. మేము చెప్పిన గ్రామమున ఫిల్టరును మూసినది ఇదియే. ఫిల్టరు అడుగు మరను వదులుచేసి నీటిని తీసివేయవలెను.

4. రేడియేటరు: ఉప్పు గుణముగల బోరు నీరు పోయరాదు. కంపెనీవారు చెప్పిన కూలెంటునే పోయవలెను. అది లోపలి తుప్పును గూడ ఆపును. గ్లైకాలు తియ్యగా నుండు విషము. పిల్లలకు, కుక్కలకు, పశువులకు అందనీయరాదు.

5. బ్యాటరీ: ముందు నెగెటివు తీగను, పిమ్మట పాజిటివు తీగను ఊడదీసి, బ్యాటరీని చల్లని పొడిచోట నుంచవలెను. నీరు పోయు రకమైనచో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. నిండుగా ఛార్జి యైన బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. అది ఊరకున్నను తగ్గుచుండును. వేడి దేశములలో మరింత త్వరగా తగ్గును. నెలకొకసారి చూచి, 12.4కు దిగినచో మరల ఛార్జి చేయింపవలెను. ఛార్జి లేక పడియున్న బ్యాటరీ పలకలమీద గట్టి పొర పేరుకొని, అది తిరిగి కోలుకొనదు. ఛార్జి అగునప్పుడు మండు వాయువు వెలువడును గాన దీపము, బీడి దరి చేరనీయరాదు.

6. టైర్లు, క్లచ్చి, బ్రేకు: టైర్లలో సరియైన గాలి నింపి, వీలైనచో ఇరుసుల క్రింద గట్టి దిమ్మలు పెట్టి బరువు తగ్గింపవలెను. ఎండ సోకనీయరాదు. క్లచ్చి పెడలును త్రొక్కియుంచి కట్టెతో నిలుపవలెను. లేనియెడల పలకలు అంటుకొనిపోవచ్చును. చేతి బ్రేకు వేయక చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టుట మేలు.

7. చోటు: పశువుల కొట్టములో నిలుపరాదు, మూత్రము నుండి లేచు అమ్మోనియా రాగి, ఇత్తడి భాగములను చెరుచును. యూరియా బస్తాలు గాని ఇతర ఎరువులు గాని అదే కొట్టములో నుంచరాదు. అవి చెమ్మను పీల్చి ఇనుమును తినును. గడ్డి దగ్గర నున్నచో ఎలుకలు చేరి తీగలు కొరుకును. పొగగొట్టమునకు డబ్బా మూత, గాలి గొట్టమునకు గుడ్డ బిగించి, ఆ సంగతి మరువకుండుటకై స్టీరింగు చక్రమునకు ఎర్రగుడ్డ కట్టవలెను.

వారమునకొకసారి ఐదు నిమిషములు నడిపిన మంచిదని పలువురు తలంతురు. అది కీడు. ఇంజను పూర్తిగా వేడెక్కకమునుపే ఆపినచో లోపల పుట్టిన నీటి ఆవిరి వెలికిపోక ఆయిలులో కలియును. నడిపినచో అరగంటకు తక్కువ గాకుండ పనిలో పెట్టి నడుపవలెను. లేదా కదల్పక యుంచవలెను.

మరల తీయుట

కోతనాటివరకు ఆగక, కంకి పాలు పోసికొనునప్పుడే తీయవలెను. ఎర్రగుడ్డ చూచి మూతలన్నియు తీసివేయవలెను. తీగలు, ఆయిలు, కూలెంటు పరీక్షించి, పాజిటివు తీగను ముందు, నెగెటివును పిదప తగిలించి, ఫిల్టరులోని నీరు తీసి, డీజిలు గొట్టములలోని గాలి వదలవలెను. క్లచ్చి దిమ్మను తీసి గేరు లేకుండ చేసి, డీజిలు ఆపు మీటను లాగియుంచి కొన్ని క్షణములు త్రిప్పినయెడల ఆయిలు పైకెక్కును. అటుపిమ్మట స్టార్టు చేయవలెను.

నవంబరు మాసము మన తీరమునకు తుపానుల మాసము. దివిసీమ ఉప్పెన వచ్చినది 1977 నవంబరు 19వ తేదీననే. హెచ్చరిక విన్న పిమ్మట పనలు తరలించుటకు ఒకటి రెండు దినములకంటె వ్యవధి దొరకకపోవచ్చును. ఆ దినములలో ట్రాక్టరు కదలనిచో అప్పు వాయిదా మాత్రము ఆగదు.

పైపనులన్నిటికి ఇద్దరు మనుష్యులు, ఒక దినము చాలును. పదుగురి సొత్తును ఏ ఒక్కరును పట్టించుకొనరు గనుక, ప్రతి సంఘమును ఈ పని ఒక సభ్యునికి అప్పగించి, నిలిపిన తేదీ, ఆయిలు మార్చిన తేదీ, నెలనెల బ్యాటరీ వోల్టులు ఒక పుస్తకములో వ్రాయించి సంఘ కార్యాలయమున నుంచవలెనని మా మనవి.