రోమకులు వీడిన బ్రిటనున నాణెముల గతి

రాజ్యము తొలగినపిమ్మట నాణెమేమగును? లోహమున్నంతకాలము నది చెల్లుననియే పలువురి తలంపు. బ్రిటను ద్వీపచరిత్ర వేఱొక సమాధానము నొసగుచున్నది.

రోమకుల నాణెములు ఆ ద్వీపమునకు ముఖ్యముగా సైనికుల జీతములుగా వచ్చి, పన్నులుగా మరల కోశమును చేరుచుండెను. క్రీ. శ. 407లో మూడవ కాన్‌స్టంటైను సేనలతో గాలు దేశమునకు దాటెను. క్రొత్త నాణెముల రాక యించుమించుగా నిలిచెను.

అంత జనులు వెండినాణెముల యంచులను కత్తిరింపజొచ్చిరి. 1992లో సఫోకు మండలమందలి హాక్స్‌న్ గ్రామమున, పొలములో పోయిన సుత్తిని వెదకుచుండగా (సుత్తియు దొరకినది!) బయల్పడిన నిక్షేపమున సుమారు 15,000 నాణెములు గలవు. వెండివానిలో దాదాపన్నియు నంచు తెగినవే. విచిత్రమేమన, కత్తెర చక్రవర్తి మొగము జోలికి పోలేదు. తూకము తగ్గినను మొగమున్నచో నాణెము చెల్లెనన్నమాట.

ఆ నమ్మకము కొలది దశాబ్దములకంటె నిలువలేదు. జీతమిచ్చువాడును పన్ను గొనువాడును లేనప్పు డా మొగమును గుర్తించువాడెవ్వడు? తరువాతి సమాధులలో రోమక నాణెములు బెజ్జములు పడి కంఠాభరణములందు కానవచ్చుచున్నవి. మన కాసులపేరు వంటివే, కాని కాసు చెల్లని దేశమున.

నాణెము పోయినను లెక్క పోలేదు. 600 ప్రాంతమున కెంటు రాజగు ఎథెల్‌బెర్టు దండుగలను షిల్లింగులలోనే విధించెను. ఆంగ్లేయుల నాణెముల ముద్రణ మప్పటికి విస్తరింపలేదు. చెల్లింపు మాత్రము వస్తురూపమున సాగెను. 690 ప్రాంతమున వెసెక్సు రాజగు ఐనీ ధర్మశాసనమున, పది 'హైడు'ల భూమికి పుచ్చుకొనదగిన కప్పములో తేనె 10 పీపాలు, రొట్టెలు 300, పెద్దబాతులు 10, కోళ్లు 20, జున్నుగడ్డలు 10, మలుగుచేపలు 100 చేరియున్నవి.