సమాన పనికి సమాన వేతనం

ఒకే పనిని, లేదా ఒకే స్వభావం గల పనిని చేసే స్త్రీ పురుషులకు ఒకే వేతనం చెల్లించాలన్న సూత్రాన్ని సమాన పనికి సమాన వేతనం అంటారు. భారత రాజ్యాంగం 39(డి) అధికరణంలో దీనిని ఆదేశిక సూత్రంగా పేర్కొన్నది.

చట్టం

1976లో సమాన వేతన చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత సమానమైనప్పుడు అవి ఒకే స్వభావం గల పనులవుతాయి. మహిళా స్టెనోగ్రాఫర్లను ప్రత్యేక వర్గంగా చూపి తక్కువ జీతమిచ్చిన మెకిన్నన్ మెకెంజీ కంపెనీ వాదనను 1987లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చింది. ఆర్థిక ఇబ్బందులు సాకు కావని కూడా పేర్కొన్నది.

వ్యత్యాసానికి కారణాలు

హైదరాబాదులోని నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలకూ, సైనిక్‌పురిలోని దుకాణాలకూ, భవన నిర్మాణ స్థలాలకూ ఈ నియమమే వర్తిస్తుంది. అయితే నిర్మాణ రంగంలో తాపీ పని సాధారణంగా పురుషులది, ఇటుకలు, ఇసుక మోసే పని స్త్రీలది. కనీస వేతనాలు నైపుణ్యాన్ని బట్టి నిర్ణయమవుతాయి. కనుక ఒక్కొక్క తరగతిలో రేటు సమానమైనా ఆడకూలీల సంపాదన తక్కువగానే ఉంటుంది.

నివారణ

పల్లెల్లో ఆడకూలికి, మగకూలికి వేరు వేరు రేట్లు ఉండడం పాత వాడుక. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన గ్రామీణ ఉపాధి హామీ పథకం ఇద్దరికీ ఒకే రేటు నిర్ణయించింది. రేటు సమానం చేయడంతో పాటు నైపుణ్యం గల పనులు స్త్రీలకు నేర్పి, వాటిలో నియమించినప్పుడే వ్యత్యాసం పూర్తిగా తొలగుతుంది. నియామకాలలో లింగవివక్షను కూడా చట్టం నిషేధించింది.