మెరిసే పెయింట్ కింద ఏముంది?

ఇంజినీరింగ్‌లో కరోజన్ అంటే పరీక్ష ముందురోజు రాత్రి తిరగేసే చాప్టర్. యానోడ్, క్యాథోడ్, రెండు సమీకరణాలు.. అంతే కదా! ఆ చాప్టరంతా ఒకేచోట చూడాలంటే ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు గురించి తెలుసుకోండి.

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు 5 లక్షలకు పైగా తయారైన కారిది. దీనికి విడిగా ఛాసిస్ లేదు, బరువు మోసేది బాడీయే. తలుపుల కింద పొడవునా పెట్టెలా ఉండే ఉక్కు భాగాన్ని సిల్ అంటారు. టాప్ లేని మోడల్ నడుము వంగకుండా ఆపే భాగాల్లో ఇది ముఖ్యమైనది. చిక్కేంటంటే, లోపల బోలు. అక్కడ చలికాలంలో రోడ్లపై మంచు కట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు, బురద చక్రాల వైపు నుంచి సందుల్లోకి చేరతాయి. ఉప్పు కలిస్తే నీటిలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది, తుప్పు జోరందుకుంటుంది. బయట పెయింట్ మీద బుడగ కనిపించిందంటే లోపల ఉక్కు చాలావరకు తినేసినట్టే. దానిమీద పుట్టీ పెట్టి పెయింటేస్తే ఫొటోలో బాగుంటుంది. బలం మాత్రం తిరిగి రాదు.

మరి దశాబ్దాలపాటు కాపాడేదెలా? పైసా ఖర్చు లేని పని ముందు. సిల్ అడుగున నీళ్లు కారడానికి ఉండే రంధ్రాలు పూడకుండా తీగతో శుభ్రం చేయాలి. కారు అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత పొడవాటి నాజిల్‌తో బోలు భాగాల్లోకి క్యావిటీ వ్యాక్స్ కొట్టాలి. అది సన్నటి అతుకుల్లోకీ పాకి, గట్టిపడకుండా మెత్తగా ఉంటుంది. అడుగున దట్టంగా పూసే నల్లటి తారు కోటింగ్‌ను నేనైతే నమ్మను. పాతబడి పగిలితే నీళ్లు దాని వెనకే దాక్కుంటాయి, మనకు కనిపించవు. షెడ్డులో గాలి తేమ 50 శాతం లోపు ఉంటే మేలు. తడి కారుకు ప్లాస్టిక్ కవర్ కప్పడం మాత్రం తుప్పుకు పందిరి వేసినట్టే!

పోర్షే 1976 మోడల్ నుంచి 911 బాడీకి జింక్ పూత ఉన్న ఉక్కు వాడింది. ఇక్కడే ఓ మంచి ఇంటర్వ్యూ ప్రశ్న ఉంది. గీత పడినా జింక్ పూత ఉక్కును కాపాడుతుంది, టిన్ పూత కాపాడదు. ఎందుకు? జింక్ ఇనుము కంటే చురుకైనది, తానే యానోడ్‌గా మారి కరిగిపోతుంది. టిన్ ఉన్నచోట ఆ పాత్ర ఇనుముది.

ఇదే శాస్త్రం ఓడలకు, పైపులైన్లకు, రిఫైనరీలకు కావాలి. ఆసక్తి ఉంటే ఏఎంపీపీ సంస్థ ఇచ్చే కోటింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ గురించి ఆరా తీయండి. ఫీజు తక్కువేం కాదు. చేరేముందు ఉద్యోగ ప్రకటనల్లో ఏ లెవల్ అడుగుతున్నారో చూసుకోండి.