యంత్రం – జ్ఞాపకం

ఇంట్లో విద్యుత్తు పోయి, కొంతసేపటికి తిరిగి వచ్చినప్పుడు ఒక చిన్న వింతను గమనించవచ్చు. గోడమీది రెగ్యులేటరును మూడవ అంకె వద్ద ఉంచిన ఫ్యాను మళ్ళీ అదే వేగంతో తిరుగుతుంది. బ్యాటరీ లేని డిజిటల్ గడియారం మాత్రం వేళను మరచిపోయి, పన్నెండు గంటలని చూపుతూ మినుకుమినుకుమంటుంది. ఒకటి గుర్తుంచుకొన్నది, మరొకటి మరచిపోయింది. ఈ భేదానికి కారణమేమిటి?

రెగ్యులేటరు గుండీని మనం ఎక్కడికి తిప్పితే అక్కడ నిలుస్తుంది. విద్యుత్తు ఉన్నా లేకపోయినా దాని స్థానం మారదు. ఆ స్థానమే దాని జ్ఞాపకం. గడియారంలోని అంకెలు అటువంటివి కావు. అవి విద్యుత్తు అందుతున్నంతవరకు మాత్రమే నిలిచే తాత్కాలిక స్మృతిలో ఉంటాయి. కంప్యూటరులోని ర్యామ్ కూడా ఇటువంటిదే. విద్యుత్తు ఆగినా, కంప్యూటరును పునఃప్రారంభించినా, పలకమీది రాతను తుడిచివేసినట్లు అందులోని సమాచారం చెరిగిపోతుంది. హార్డ్ డిస్కు వంటివి శాశ్వత స్మృతులు. వాటిలో రాసినది విద్యుత్తు లేకపోయినా నిలిచి ఉంటుంది.

గడియారం మరచిపోతే మనకు కలిగే నష్టం స్వల్పం. కాని నేడు కర్మాగారాలు, విద్యుత్కేంద్రాలు, పరిశోధనాలయాలు కంప్యూటర్ల అదుపులో నడుస్తున్నాయి. కొలిమి ఎంత వేడిగా ఉండాలి, ఏ కవాటం ఎంత తెరుచుకోవాలి, ఏ మోటారు ఎంత వేగంతో తిరగాలి అనే నిర్ణయాలను ‘అమరికలు’ అంటారు. ఆ అమరికల ప్రకారం యంత్రాలను నడిపే ఏర్పాటే నియంత్రణ వ్యవస్థ. అది తన అమరికలను మరచిపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకొందాం.

అమెరికాలోని షికాగో నగర సమీపంలో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల ఉన్నది. అక్కడి ‘అడ్వాన్స్‌డ్ ఫోటాన్ సోర్స్’ అనే మహాయంత్రంలో ఎలక్ట్రాన్లు సుమారు 1,100 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో కాంతివేగానికి అతి చేరువైన వేగంతో పరిభ్రమిస్తూ ఎక్స్-కిరణాలను వెలువరిస్తాయి. ఆ కిరణాలు పరీక్షించే వస్తువు మీదనే పడేటట్లు అద్దాలను, స్ఫటికాలను ఎన్నో మోటార్లు అతి సూక్ష్మంగా జరుపుతూ ఉంటాయి. పరిశోధకులకు అక్కడ దొరికే సమయం సాధారణంగా కొద్ది రోజులే. కంప్యూటరును పునఃప్రారంభించగానే అమరికలన్నీ చెరిగిపోతే, వాటిని తిరిగి కుదుర్చుకోవడంలోనే విలువైన సమయం గడచిపోతుంది.

ఈ యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేరు పేరు ఎపిక్స్. దానికి తోడుగా ఈ ప్రయోగశాలలోనే అభివృద్ధి చేసిన ఉపకరణం ఆటోసేవ్. ఏయే విలువలను భద్రపరచాలో ఇంజనీర్లు ముందుగానే జాబితా రాసి ఇస్తారు. ఆ విలువలు మారినప్పుడు ఆటోసేవ్ వాటిని డిస్కులోని ఫైలులో రాస్తుంది. తరచుగా మారే మోటార్ల స్థానాలను 5 సెకన్లకొకసారి, ఇతర అమరికలను 30 సెకన్లకొకసారి రాసేటట్లు ఏర్పాటు చేయడం పరిపాటి.

అయితే, రాస్తూ ఉండగానే విద్యుత్తు పోతే? సగం రాసిన ఫైలు అసలు లేని ఫైలు కన్న ప్రమాదకరం. అందువల్ల ప్రతి ఫైలు చివర ‘సమాప్తం’ అని తెలిపే గుర్తు ఒకటి ఉంచుతారు. ఆ గుర్తు లేని ఫైలును నమ్మకూడదు. దానికి బదులుగా, విడిగా దాచిన ప్రతిని ఉపయోగించాలి. అసలు ఫైలును, ప్రతిని ఒకేసారి కాక ఒకదాని తరువాత ఒకటి రాయడం వల్ల, వాటిలో ఒకటైనా చెడకుండా మిగులుతుంది.

భద్రపరచడం సగం పని మాత్రమే. తిరిగి అమర్చడంలోనే వివేకం కావాలి. మోటారు ఉన్న స్థానాన్ని వ్యవస్థ మేల్కొనే తొలిదశలోనే అందిస్తారు. ఇది మోటారును కదిలించడం కాదు. ‘నీవు ఇక్కడ ఉన్నావు’ అని దానికి గుర్తుచేయడం. విద్యుత్తు లేని సమయంలో ఎవరైనా ఆ భాగాన్ని చేతితో జరిపి ఉంటే, ఆ జ్ఞాపకం అబద్ధమవుతుంది. అందుచేత పని మొదలుపెట్టే ముందు స్థానాన్ని సరిచూసుకోవాలి. అలాగే ఉష్ణమాపకం చూపిన నిన్నటి అంకెను నేటి అంకెగా తిరిగి ఉంచకూడదు. కావలసిన వేడి ఎంత అన్నది మన నిర్ణయం. ఇప్పుడు ఉన్న వేడి ఎంత అన్నది కొలిచి తెలుసుకోవలసిన వాస్తవం.

ఇక, ‘నడుపు’ అనే ఆజ్ఞను గుర్తుంచుకోవడంలో మరింత జాగ్రత్త అవసరం. మన పల్లెల్లో వ్యవసాయపు మోటార్లకు బిగించే ఆటో స్టార్టర్లు ఇందుకు నిదర్శనం. రైతు పొలం వద్ద లేకపోయినా, కరెంటు రాగానే ఆటో స్టార్టరు మోటారును నడుపుతుంది. అర్ధరాత్రి కరెంటు వచ్చే రోజుల్లో అది రైతుకు నిద్ర ప్రసాదించింది. కాని నీరు అవసరం లేనప్పుడు కూడా మోటారు నడిచి భూగర్భజలం వృథా అవుతుంది. కరెంటు లేదు గదా అని మోటారును బాగుచేస్తున్న వ్యక్తికి అది ప్రాణాపాయం కూడా. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు సరఫరా మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లను తొలగించవలసిందిగా ప్రభుత్వం రైతులను కోరింది.

కాబట్టి యంత్రానికి జ్ఞాపకాన్ని ఇవ్వడం ఎంత అవసరమో, దేనిని గుర్తుంచుకోవాలో, దేనిని మనిషి అనుమతి లేకుండా తిరిగి మొదలుపెట్టకూడదో నిర్ణయించడం అంతకన్న ముఖ్యం. గుర్తుంచుకోవడం యంత్రం చేయగలదు. ఆ నిర్ణయం మాత్రం దానిని రూపొందించేవారిదే.