తేట నీటిలో దాగిన ఫ్లోరైడు
ఒక వ్యాధిని అనేక శాస్త్రాలు కలిసి పట్టుకొన్న కథ

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచే గాక కర్ణాటక నుంచి కూడ జనం వేలాదిగా వస్తారు. ఎండన పడి వచ్చినవారు మొదట వెదికేది మంచినీళ్లు. కర్నూలు జిల్లా పడమటి భాగమైన ఈ సీమ గ్రానైటు, నైసు రాళ్ల నేల. ఇక్కడ వాన తక్కువ. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే ఊళ్లు కొన్ని. బావులను, బోరింగులను నమ్ముకొన్న ఊళ్లు కొన్ని. ఇటువంటి రాతి సీమలో రెండు బావుల నీరు రెండు చెంబులలో పోసి పక్కపక్కన పెట్టినామనుకొందాం. రెండూ తేటగా, రుచిగా ఉండవచ్చు. అయినా వాటిలో ఒకటి పిల్లల ఎముకలకు చేటు తెచ్చేది కావచ్చు. ఆ భేదం కంటికి గాని నాలుకకు గాని తెలియదు. ఆ చేటుకు కారణమైన పదార్థం ఫ్లోరైడు. దానివల్ల కలిగే వ్యాధి ఫ్లోరోసిస్.

వైద్యం, రసాయనం, ఇంజనీరింగు, గణన శాస్త్రం అని పాఠశాలలో విడివిడిగా చదువుకొంటాము. ఫ్లోరోసిస్ వంటి సమస్య ఎదురైనప్పుడు ఈ గోడలు నిలువవు. ఒకరు విప్పలేని ముడిని మరొకరి చేతికి అందించుకొంటూ శాస్త్రజ్ఞులు దీనిని ఛేదించవలసి వచ్చింది. అందులో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని తెలుగునాట జరిగినవే.

పళ్లమీది మచ్చలు

1901లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో వృత్తి ప్రారంభించాడు. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవారిలో చాలామంది పళ్లమీద గోధుమరంగు మచ్చలుండడం అతడు గమనించాడు. కారణం నీటిలోనే ఉన్నదని అనుమానించి ఏళ్ల తరబడి వెదికాడు. కాని ఆనాటి మామూలు రసాయన పరీక్షలకు అది చిక్కలేదు. 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయనజ్ఞుడైన హెచ్. వి. చర్చిల్, ఆర్కాన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరి నీటిని వర్ణపట పరికరంతో పరీక్షించాడు. ఎవరూ ఊహించని విధంగా అందులో ఫ్లోరైడు అధికంగా కనిపించింది. వైద్యుని ముప్పై యేండ్ల ప్రశ్నకు జవాబు రసాయనశాలలో దొరికింది.

ఆరేండ్ల తరువాత మన దేశంలో మరింత తీవ్రమైన సంగతి బయటపడింది. అప్పటి మద్రాసు రాజధానిలో చేరిన నెల్లూరు జిల్లా పల్లెలలో కొందరికి మెడ, వెన్ను, కీళ్లు బిగిసిపోయి నడుము వంగిపోయేది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్. ఇ. షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి 1937లో ఈ వ్యాధిని వర్ణించి, దానికి తాగునీటిలోని ఫ్లోరైడుతో గల సంబంధాన్ని ప్రకటించారు. 1955లో నల్లగొండ జిల్లాలోని ఇదే వ్యాధిని గురించి సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాశాడు.

ఎముకలో జరిగే మార్పు

ఎముకకు, పంటికి గట్టిదనాన్ని ఇచ్చే ఖనిజం హైడ్రాక్సీ ఎపటైటు. ఇందులో కాల్షియం, ఫాస్ఫేటులతోపాటు హైడ్రాక్సిల్ అయానులుంటాయి. ఫ్లోరైడు అయాను పరిమాణంలోను, విద్యుదావేశంలోను హైడ్రాక్సిల్‌కు దగ్గరగా ఉంటుంది. కావున అది హైడ్రాక్సిల్ ఉండవలసిన చోట సులువుగా చేరిపోతుంది. స్వల్పంగా చేరితే పంటిపొర ఆమ్లాలకు తట్టుకొనే శక్తి పెరుగుతుంది. ఈ కారణంగానే 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఉండేటట్లు నీటిలో ఫ్లోరైడును కలపడం ప్రారంభించారు. మోతాదు మించితే అదే ఫ్లోరైడు హాని చేస్తుంది. ఎముక దట్టమవుతుంది గాని పెళుసుబారుతుంది. కీళ్ల చుట్టూ ఉండే స్నాయువులలో సున్నపు పదార్థం పేరుకొని కదలిక తగ్గుతుంది.

పంటిపొర తయారయ్యే చిన్న వయస్సులోనే, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపునే, ఫ్లోరైడు పంటిపై మచ్చ వేయగలదు. తోమినా పోని ఈ మచ్చ అపరిశుభ్రతకు గుర్తు కాదు. పసితనంలో తాగిన నీటికి గుర్తు. అటువంటి పిల్లవానిని తరగతిలో ఎగతాళి చేయడం తగదు. ఆ ఊరి నీటిని పరీక్ష చేయించడం అవసరం.

భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చు. వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. లెక్క ఇక్కడితో ఆగదు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని నీడపట్టున పనిచేసేవాడు రోజుకు 2 లీటర్లు తాగితే అతని కడుపులోకి 6 మిల్లీగ్రాములు పోతాయి. చేలో ఎండకు పనిచేసే కూలి 5 లీటర్లు తాగితే 15 మిల్లీగ్రాములు పోతాయి. బావి ఒక్కటే అయినా, ఎక్కువ నష్టపోయేవాడు కష్టజీవి.

వ్యాధి ముదిరి ఎముకలు, కీళ్లు వికారమైన తరువాత వాటిని తిరిగి మునుపటివలె చేసే మందు లేదు. అందుచేత ఈ వ్యాధిలో చికిత్సకంటె నివారణే ప్రధానం.

రాతినుండి నీటికి

గ్రానైటులోను, నైసులోను ఫ్లోరైటు, ఎపటైటు, నల్ల అభ్రకం వంటి ఖనిజాలుంటాయి. రాతి పగుళ్లలో నీరు చాలాకాలం నిలువ ఉన్నప్పుడు వాటిలోని ఫ్లోరైడు కొంచెం కొంచెంగా కరుగుతుంది. నీటిలో కాల్షియం అధికంగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడుగా మారుతుంది. అందుచేత నీటిలో ఫ్లోరైడు ఒక హద్దును మించదు. కాని వాన తక్కువై ఎండ ఎక్కువైన సీమలలో కాల్షియం చాలావరకు సున్నపు గులకలుగా నేలలోనే విడిపోతుంది. మిగిలిన నీరు సోడియం బైకార్బొనేటుతో క్షారగుణం పొందుతుంది. అడ్డుకొనే కాల్షియం లేనందున ఫ్లోరైడు పెరుగుతూ పోతుంది. సబ్బు బాగా నురుగు వచ్చే మెత్తని నీరు మంచిదని చాలామంది తలుస్తారు. ఈ లెక్కన అట్టి నీటినే ముందుగా పరీక్షించాలి.

జొన్నను తప్పుపట్టవచ్చునా?

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ జిల్లాలో మరొక రూపాన్ని కనుగొన్నారు. ఎదిగే వయస్సు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. వారి ముఖ్యాహారం జొన్న. తరువాత అదే సంస్థలో జరిగిన పరిశోధనలలో, వరి అన్నం తినేవారికంటె జొన్న తినేవారి శరీరంలో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తున్నట్లు తేలింది. దీనినిబట్టి జొన్నరొట్టెను మానవలసిన పని లేదు. నీరు మంచిదైతే జొన్న బలమైన తిండే. ఆహారం, నీరు, వయస్సు కలిసి ఒక వ్యాధికి రూపమిస్తాయన్నదే ఇందులోని పాఠం.

పటిక, సున్నం

నీటిని బాగుచేసే పని ఇంజనీర్లకు వచ్చింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1975లో ప్రచురించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి అని పేరు వచ్చింది. నీటిలో సున్నం, బ్లీచింగు పౌడరు, పటిక కలిపి మొదట వేగంగాను, తరువాత మెల్లగాను కలియబెడతారు. పటికనుండి అల్యూమినియం హైడ్రాక్సైడు తునకలు ఏర్పడి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి. సుమారు గంటసేపు కదల్చకుండ ఉంచి పైతేట నీటిని తీసి వడపోస్తారు. బిందెలోనైనా, ఊరికంతటికీ పనికివచ్చే తొట్టెలలోనైనా సూత్రం ఒక్కటే.

దీనికి కొన్ని ఇబ్బందులు లేకపోలేదు. ఫ్లోరైడును, క్షారతను బట్టి పటిక మోతాదు మారుతుంది. మోతాదు తప్పితే ఫ్లోరైడు మిగలవచ్చు, లేక అల్యూమినియం నీటిలో నిలువవచ్చు. అడుగున చేరిన మడ్డిని తిరిగి బావిలో కలవకుండా పారవేయాలి. కావున పరీక్ష చేయించకుండ ఇట్టి నీటిని తాగరాదు. నీటిని కాచినంతమాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. గుడ్డతో వడగట్టినా ప్రయోజనం లేదు. నదీజలాలు అందినచోట వాటిని శుద్ధిచేసి గొట్టాలద్వారా ఇవ్వడమే మేలైన మార్గం. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ఈ మార్గాన్నే అనుసరించింది.

గణకయంత్రం చేసిన సాయం

ఫ్లోరైడును కొలవడం 1966లో సులభమైంది. ఆ యేడు ఫ్రాంట్, రాస్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు లాంథనం ఫ్లోరైడు స్ఫటికంతో, నీటిలో ముంచగానే ఫ్లోరైడు గాఢతను వోల్టేజి రూపంలో తెలిపే ఎలక్ట్రోడును ప్రకటించారు. కాని దేశంలోని ప్రతి బావికి ఎలక్ట్రోడును తీసుకొనిపోవడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. ముందుగా ఎక్కడికి పోవాలి?

ఈ ప్రశ్నకు 2018లో స్విట్జర్లాండులోని ఎవాగ్ అనే జలశాస్త్ర సంస్థకు చెందిన పొడ్గోర్‌స్కీ, ఆయన సహచరులు కంప్యూటరుతో జవాబు వెదికారు. భారతదేశంలో కొలిచి ఉన్న సుమారు 12,600 ఫలితాలను తీసుకొని, ఆయా చోట్ల రాయి, నేల, వాతావరణ వివరాలతో జతపరిచారు. వారు వాడిన విధానం సూక్ష్మంగా ఇది: "రాయి ఏ జాతిది? వాన ఎంత? నేల క్షారమా?" వంటి ప్రశ్నల చీలికలతో ఒక నిర్ణయవృక్షం పెరుగుతుంది. ఒక్కొక్క వృక్షానికి సమాచారంలో కొంత భాగమే చూపి, అటువంటివి వందలకొద్దీ పెంచి, చివరకు అన్నింటి ఓట్లను లెక్కిస్తారు. ఒక వృక్షం పొరబడినా సమూహం పొరబడే అవకాశం తక్కువ. ఈ లెక్కన మన దేశంలో సుమారు 12 కోట్లమంది ఫ్లోరైడు ముప్పుగల ప్రాంతాలలో ఉన్నట్లు వారు అంచనా వేశారు.

అయితే ఇట్టి పటం బావిని కొలవదు. పక్కపక్క బావులలోనే రాతి పగుళ్లు వేరు, లోతు వేరు, ఫ్లోరైడు వేరు. ఎక్కడ ముందుగా వెదకాలో కంప్యూటరు చెబుతుంది. బావిలో ఏమున్నదో పరీక్షయే చెబుతుంది.

పాఠశాలలు చేయగల పని

ఈ పరీక్షకు ఉన్నత పాఠశాలలు తోడ్పడవచ్చు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండుమూడు మార్లు తొలిచి, నింపి, బావి పేరు, లోతు, తేదీ వ్రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్షాశాలకు పంపవచ్చు. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పంపితే ఋతువునుబట్టి వచ్చే మార్పు తెలుస్తుంది. ఫలితాలను ఊరి పటంమీద గుర్తించి గోడకు తగిలిస్తే, ఏ బావి నీరు తాగడానికి, ఏ బావి నీరు బట్టలకు, పశువులు కడగడానికి వాడుకోవాలో ఊరందరికీ తెలుస్తుంది. పసిపిల్లలున్న ఇండ్లకు ఈ సంగతి ముందుగా అందాలి. పంటిపొర ఏర్పడే ఆ కొద్ది యేండ్లు దాటితే, తరువాత ఎంత మంచి నీరు ఇచ్చినా పడిన మచ్చ చెరగదు.