56 అక్షరాలు, 36 వర్ణాలు: మాట పుట్టే లెక్క

తెలుగుకు 56 అక్షరాలని బడిలో నేర్చుకుంటాం. 16 అచ్చులు, 37 హల్లులు, 3 ఉభయాక్షరాలు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి లెక్క వేరు. సంస్కృతానికి వర్ణాలు 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 అన్నాడు. ఖ, ఘ, ఛ, ఝ లాంటి పది మహాప్రాణాలూ, ఋ, శ, ష, విసర్గ వంటివీ సంస్కృతం మాటల వెంట వచ్చినవి కాబట్టి అచ్చతెలుగు పద్దులో వాటిని వేయలేదు. 56 రాతకు చెందిన లెక్క, 36 నోటికి చెందిన లెక్క. ఇంగ్లీషు సంగతీ అంతే. అక్షరాలు 26, బ్రిటిష్ ఉచ్చారణలో వర్ణాలు మాత్రం దాదాపు 44. ఎవరి అక్షరమాల పెద్దదైతే వారి భాష గొప్పదనే వాదం ఇక్కడే వీగిపోతుంది.

వర్ణం అంటే ఏమిటి? మాటలో ఒక్క ధ్వనిని మార్చి చూడండి. అర్థం మారితే ఆ రెండూ వేర్వేరు వర్ణాలు. కాలు, చాలు, డాలు, తాలు, పాలు, రాలు, వాలు: మొదటి హల్లు ఒక్కటే మారింది, ఏడు మాటలు వచ్చాయి. ధ్వనిని సాగదీసినా మన భాషలో అర్థం మారుతుంది. గడి, గాడి, గడ్డి మూడూ మూడు వస్తువులు. గడిలో అచ్చు సాగితే గాడి, హల్లు సాగితే గడ్డి.

అన్ని తేడాలూ ఇలా అర్థాన్ని మార్చవు. ‘చేప’ అని, వెంటనే ‘చాప’ అని పైకి పలకండి. చేపలో నాలుక అంగిలిని తాకుతుంది, చాపలో పళ్ల దగ్గరికి వస్తుంది. రెండోదాన్ని పాత పుస్తకాల్లో ౘ అని రాసేవారు. అచ్చతెలుగు మాటల మొదట ఇ, ఈ, ఎ, ఏల ముందు చ, మిగతా అచ్చుల ముందు ౘ వస్తాయి. ఒకటి వచ్చే చోటికి రెండోది రాదు. సూరి వీటిని రెండుగా లెక్కించాడు. ఆధునిక భాషాశాస్త్ర పద్ధతిలో చూస్తే అచ్చతెలుగు వరకు ఇవి ఒకే వర్ణానికి రెండు రూపాలు. నాకు ఈ రెండో లెక్కే సబబుగా తోస్తుంది. ఆ తేడా ఒక్కదానితోనే అర్థం మారే అచ్చతెలుగు జంటను చూపడం కష్టం.

దీనికి తిరగబడ్డ సంగతీ ఉంది. ‘వచ్చాడు’లో చాలామంది పలికేది ఆ కాదు, ఏ కాదు, ‘బ్యాంకు’ అనేటప్పుడు వచ్చే అచ్చు. దానికి అక్షరమే లేదు. అందుకే కొందరు రచయితలు వచ్చాడు అనీ, కొందరు వచ్చేడు అనీ రాశారు.

ప్రపంచం మొత్తం చూస్తే ఈ లెక్క ఎంత సాగుతుందో తెలుస్తుంది. భాషాశాస్త్రవేత్త ఇయన్ మాడిసన్ 560కి పైగా భాషల హల్లులను లెక్కపెట్టారు. సగటు 22.7. అన్నిటికంటే తక్కువ పాపువా న్యూగినీలోని రోటోకాస్‌లో, 6. అన్నిటికంటే ఎక్కువ బోట్స్వానా, నమీబియాల్లో మాట్లాడే తా భాషలో, 122. అయ్యో పాపం అనేటప్పుడు మనం నాలుకతో చేసే చప్పుడు వంటివి అక్కడ మాటల్లోనే హల్లులు. ఆరు హల్లుల రోటోకాస్‌కు చెప్పలేని సంగతంటూ ఏమీ లేదు.

ఎందుకో చిన్న గుణకారం చెబుతుంది. 20 హల్లులు, 10 అచ్చులు అనుకుంటే 200 గుణింతాక్షరాలు. రెండక్షరాల మాటలు 40,000 కట్టవచ్చు, మూడక్షరాలవైతే 80 లక్షలు. ణ, ళ మాట మొదట రావు వంటి నియమాలు కొంత కోత పెడతాయి. మిగిలినవాటిలోనూ చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ‘గాలు’ పలకడానికి అడ్డేమీ లేదు, కానీ మనకు ఆ పేరుతో వస్తువేదీ లేదు. వర్ణానికి సొంత అర్థం లేదు, వర్ణాల కూర్పుకు ఉంది. అమెరికా భాషాశాస్త్రవేత్త చార్లెస్ హాకెట్ 1960లో మనిషి భాషకు చెప్పిన 13 లక్షణాల్లో ఇదొకటి.

అర్థమున్న అతిచిన్న ముక్కను పదాంశం అంటారు. తెలుగు బలమంతా ఇక్కడ కనిపిస్తుంది. ‘చెప్పించుకోలేకపోయారు’ ఒక్క మాట. విడదీస్తే చెప్పు, ఇంచు, కొను, లే, క, పో, ఆపైన గడిచిన కాలాన్ని తెలిపే ముక్క, ‘వారు’ అని తెలిపే ముక్క: ఎనిమిది. ఒకే పదాంశం వేషాలు మారుస్తుంది కూడా. పులికి, చెట్టుకు అన్నవాటిలో కి, కు రెండూ ఒకటే, ముందున్న అచ్చును బట్టి మారాయి.

ఈ ధ్వనుల తేడాలన్నీ చెవికి ఎప్పుడు పట్టుబడతాయి? జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు కెనడాలో చేసి 1984లో ప్రకటించిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. ఇంగ్లీషు ఇళ్లలోని 6 నుంచి 8 నెలల పసివాళ్లు హిందీలోని త, ట తేడాను గుర్తుపట్టారు. 10 నుంచి 12 నెలలకు వచ్చేసరికి చాలామందికి అది పోయింది. ఇంట్లో వినిపించని తేడాను చెవి వదిలేస్తుంది. పెద్దయ్యాక నేర్చుకోవచ్చు, కానీ శ్రమ పడాలి.

అర్థంలోనూ అలాంటి తేడాలున్నాయి. వినేవారిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. భాషాశాస్త్రవేత్త మైఖేల్ సిసోవ్ పరిశీలించిన 200 భాషల్లో ఈ విభజన పూర్తిగా ఉన్నవి 63. మూల ద్రావిడం నుంచి వచ్చిన ఈ తేడాను తమిళం, తెలుగు నిలుపుకున్నాయి, నేటి కన్నడం వదులుకుంది. హిందీలో, ఇంగ్లీషులో ఇది లేదు. హైదరాబాద్‌లోనైనా డల్లాస్‌లోనైనా ఆ భాషల మధ్య పెరిగే పిల్లలకు ఇది ఇంటి మాటల్లోనే దొరకాలి. పాప ఊయలలో ఉన్నప్పటి నుంచే తెలుగులో మాట్లాడండి. మనం, మేము రెండూ వాటి వాటి చోట వినిపించండి.