తూము దగ్గర ఒక జీవితకాలం

పార్కిన్సన్స్ రోగి మెదడులో కొరవడేది డోపమిన్. దానికి ముడిసరుకు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం; పప్పులో, పాలలో, గుడ్లలో కావలసినంత ఉంటుంది. అయితే అవే ఎక్కువగా తినిపిస్తే వణుకు ఎందుకు తగ్గదు? జవాబు 1964లో అమెరికాలోని బెథెస్డాలో దొరికింది. జపాన్ నుంచి వెళ్లిన తొషిహారు నగత్సు, అక్కడి మోర్టన్ లెవిట్, సిడ్నీ ఉడెన్‌ఫ్రెండ్‌లతో కలిసి టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమును కనుగొన్నారు. టైరోసిన్ వలయానికి ఇంకొక హైడ్రాక్సిల్ తగిలించి ఎల్-డోపాగా మార్చడం దాని పని. అందుకు ఇనుము, ఆక్సిజన్, టెట్రాహైడ్రోబయోప్టెరిన్ అనే తోడు పదార్థం మూడూ ఉండాలి. డోపమిన్ తయారీలో అన్నిటికన్నా నిదానమైన మెట్టు ఇదే. తూము పూడుకుపోతే చెరువు నిండుగా ఉన్నా మడి తడవదు.

ఎల్-డోపా మందు అంతకుముందే వచ్చింది కదా అనవచ్చు. నిజమే. మన దూలగొండి గింజల్లోంచి 1937లోనే దామోదరన్, రామస్వామి దాన్ని వేరుచేశారు. 1961లో వియన్నాలో రోగులకు ఎక్కించి చూశారు. తూమును దాటవేసి నీళ్లు నేరుగా మడిలో పోయడమే ఆ మందు చేసే పని అని తెలిసింది మాత్రం ఎంజైము దొరికాకే. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ మరొకటుంది: రోగి మెదడులో ఈ ఎంజైము తగ్గేది దాన్ని తయారుచేసే నాడీకణాలు చనిపోవడం వల్ల, ఇల్లు కాలిపోయాక కుండలు లెక్కపెట్టి ఏం లాభం? దీనికి సమాధానం పిల్లల్లో కనిపించే సెగావా వ్యాధిలో ఉంది. పొద్దున బాగానే నడిచిన పిల్లకు సాయంత్రమయ్యేసరికి పాదం మెలితిరుగుతుంది. నిద్రపోయి లేస్తే మళ్లీ నయం. ఆ తోడు పదార్థం తయారీని మొదలుపెట్టే జీటీపీ సైక్లోహైడ్రొలేజ్ జన్యువులోని లోపమే దీనికి మూలమని 1994లో ఇచినోసె, నగత్సు బృందం తేల్చింది. ఇక్కడ నాడీకణాలు బతికే ఉంటాయి, ఎంజైమే చతికిలబడుతుంది. అందుకే కొద్దిపాటి ఎల్-డోపా ఈ పిల్లలకు దశాబ్దాలు పనిచేస్తుంది. పార్కిన్సన్స్‌లోనైతే కొన్నేళ్లకే ఒక్కో మోతాదు ప్రభావం నిలిచే సమయం తగ్గిపోతూ వస్తుంది. రెండు జబ్బులనూ పక్కపక్కన పెడితేనే విషయం విడివడుతుంది: కదలిక మొరాయించడం డోపమిన్ కొరత వల్ల, జబ్బు ముదరడం కణాల చావు వల్ల. నా దృష్టిలో నగత్సు కృషిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఎంజైములను నిలబెట్టినంత మాత్రాన ఆ చావు ఆగదు, ఒప్పుకోవలసిందే. అయినా కదలికను తిరిగి తెచ్చే దారి ఒకటి తెరుచుకుంది. డోపమిన్ తయారీకి కావలసిన మూడు ఎంజైముల జన్యువులను 15 మంది రోగుల మెదడులోకి నేరుగా పంపిన తొలి పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. మెరుగుదల కొద్దిపాటిదే. ఆ మూడింటిలోని టైరోసిన్ హైడ్రాక్సిలేజ్, జీటీపీ సైక్లోహైడ్రొలేజ్ నగత్సు వెంటపడినవే.